దేశంలోనే మొదట మన ఖమ్మం జిల్లాలో

సెల్‌ఫోన్‌లో ఓటు వేసే పద్ధతిని దేశంలో మొట్టమొదట పరీక్షించి చూసింది ఖమ్మం జిల్లాలో. కృత్రిమ మేధ మిర్చి రైతుకు ఏ మేరకు పనికొస్తుందో తేల్చుకోవడానికి ఏడు వేల మందితో ప్రయోగం చేసింది ఖమ్మం జిల్లాలో. వ్యవసాయ సమాచారం కోసం దేశంలో తొలిసారి కట్టిన ఎక్స్ఛేంజీని ముందుగా అమర్చిందీ ఖమ్మం జిల్లాలోనే. 2021లో ఒకటి, 2022లో ఒకటి, 2023లో ఒకటి. వరసగా మూడేళ్లు, మూడు తొలి అడుగులు.

కల్లూరు దాటి సత్తుపల్లి వెళ్లే దారిలో ఉంటుంది మా పెనుబల్లి. ఒక పక్క లంకాసాగర్ ఆయకట్టు, ఇంకో పక్క నీలాద్రి గుట్టల అడవి. ఆ అడవుల అంచు పట్టుకుని పోతే కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం. వరి, పత్తి, మిర్చి, మామిడి, పామాయిల్ పండే నేల. ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ల రంగంలో రికార్డుల గురించి రాసేవాళ్లు సాధారణంగా అమెరికాతో మొదలుపెడతారు. ఎంత పెద్దది, ఎంత వేగం అన్న లెక్కలు నాకూ ఇష్టమే, ముందుముందు చెబుతాను కూడా. కానీ కొత్తగా వచ్చిన యంత్రం మన మాట విన్నదా, మన కాయను గుర్తుపట్టిందా, అడవి అంచున సిగ్నల్ అందీ అందని చోట పనిచేసిందా అన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష. అందుకే ఇంటి దగ్గర నుంచే మొదలుపెడుతున్నాను.

ఇంట్లో కూర్చుని ఓటు

తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం 2021 అక్టోబరులో ఈ ప్రయోగం చేసింది. ‘టీఎస్ఈసీ ఈ-ఓట్’ అనే ఆండ్రాయిడ్ యాప్‌ను రాష్ట్ర ఐటీ శాఖ, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డ్యాక్‌లతో కలిసి తయారు చేయించింది. ఐఐటీ బొంబాయి, ఐఐటీ భిలాయ్ నిపుణులు సలహాలిచ్చారు. అక్టోబరు 8 నుంచి 18 దాకా పేర్ల నమోదు, 20వ తేదీన నమూనా పోలింగ్. నిజమైన అభ్యర్థులు లేరు, గెలుపోటములు లేవు. యాప్ నిలబడుతుందా, కూలబడుతుందా అని చూడడమే పని.

ఓటరును గుర్తుపట్టడానికి మూడు మెట్లు పెట్టారు. ఆధార్‌లో పేరు, ఓటరు జాబితాలో పేరు సరిపోవడం మొదటిది. ఫోన్ కెమెరా ముందున్నది ప్రాణమున్న మనిషా, ఎవరో ఎత్తిపట్టిన ఫొటోనా అని తేల్చుకోవడం రెండోది. ఆ ముఖాన్ని ఓటరు కార్డు కోసం ఎప్పుడో పదిహేను, ఇరవై ఏళ్ల కిందట దిగిన ఫొటోతో పోల్చడం మూడోది. ఈ మూడో మెట్టు దగ్గరే ఉంది కష్టమంతా. పాతికేళ్ల వయసులో సరిగా వెలుతురు లేని గదిలో దిగిన నలుపు తెలుపు ఫొటో ఒకటి. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఎండలో మిర్చి కోసిన ముఖం ఇంకొకటి. పక్కింటివాళ్లే ఆ కార్డు చూసి “ఇది నువ్వేనా?” అంటారు. యంత్రం ఆ రెండు ముఖాలనూ ఒకటిగా పట్టుకోవాలి. వేసిన ఓటు రహస్య సంకేతాలుగా మారి బ్లాక్‌చెయిన్ పద్ధతిలో భద్రమవుతుంది. లెక్కింపు కోసం దాన్ని విప్పాలంటే అధికారుల చేతిలో ఉండే భౌతికమైన తాళంచెవి లాంటి టోకెన్ కావాలి.

దివ్యాంగులు, వృద్ధులు, మంచాన పడ్డ రోగులు, పోలింగ్ డ్యూటీలో ఉండే సిబ్బంది లాంటివారి కోసం దీన్ని ఆలోచించారు. ఆలోచన మంచిదే. నాకున్న అనుమానం ఒకటే. పోలింగ్ బూత్‌లో అట్ట చాటున మనిషి ఒంటరిగా ఉంటాడు. ఇంట్లో ఫోన్ పట్టుకున్నప్పుడు పక్కన ఎవరు నిలబడ్డారో ఏ యాప్ చెప్పగలదు? ఓటు రహస్యానికి ముఖాన్ని గుర్తుపట్టే విద్య ఒక్కటే చాలదు. అందుకే ఇలాంటివి నమూనా పోలింగ్‌లోనే నలగాలి, అసలు పోలింగ్‌లో కాదు.

మిర్చి కాయకు ఫొటో

ఖమ్మం మార్కెట్ యార్డుకు మిర్చి తోలిన రైతుకు జెండా పాట అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన లాటుకు పొద్దున్నే పలికే ధర అది. మర్నాడు పేపర్లో పడేది ఆ ధరే. కానీ ఆ ధర దక్కేది కొద్దిమందికి. మిగతావాళ్ల బస్తాల దగ్గరికి ఖరీదుదారు వస్తాడు. బస్తా మూతి విప్పి లోపలికంటా చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు. తొడిమ చూస్తాడు. కాయ విరిచి నెమ్ము చూస్తాడు. తాలు ఎంతుందో కంటితోనే అంచనా కడతాడు. జెండా పాటలో ఎన్ని వందలు తగ్గించాలో ఆ నిమిషంలోనే తేలిపోతుంది. నారు పోసిన నాటి నుంచి కల్లంలో ఆరబోసేదాకా పడ్డ కష్టానికి ధర కట్టేది ఆ గుప్పెడు కాయలు. కాదు, నా సరుకు బాగుందని రైతు అనొచ్చు. రుజువు ఏదీ?

‘సాగు బాగు’ పథకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ చోటే. తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక కలిసి 2022లో ఖమ్మం జిల్లా మిర్చి రైతులతో దీన్ని మొదలుపెట్టాయి. క్షేత్రంలో నడిపించిన బాధ్యత డిజిటల్ గ్రీన్ అనే సంస్థది. ఏడు వేల మందికి పైగా రైతులు, 18 నెలలు. పనిని నాలుగు పాయలుగా పంచుకున్నారు. ఫోన్‌లో తెలుగులో సలహాలిచ్చే చాట్‌బాట్ ఒకటి. మట్టి పరీక్ష చేసి ఎరువు ఎంత వెయ్యాలో చెప్పే ఏర్పాటు ఒకటి. కాయల ఫొటో తీస్తే కంప్యూటరే నాణ్యత తేల్చే పద్ధతి ఒకటి. అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ కలిపే డిజిటల్ సంత ఒకటి.

కెమెరా ఏం చేస్తుందో కొంచెం దగ్గరగా చూద్దాం. మనం చూసే ఎరుపు ఒక్కటే. కంప్యూటర్‌కు ఫొటోలోని ప్రతి చుక్కా మూడు అంకెలు: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. తేజ రకం మంచి కాయలు వేలకు వేలు, తాలు కాయలు వేలకు వేలు ముందే చూపించి, ఇది మేలు, ఇది తాలు అని చెబుతూ పోతే, ఆ అంకెల అమరికలో తేడాను అదే పట్టుకుంటుంది. తర్వాత కొత్త కాయ చూపిస్తే ఏ గుంపులోదో చెబుతుంది. అలసట లేదు. మొదటి బస్తాకూ నూరో బస్తాకూ ఒకే చూపు. అన్నిటికన్నా ముఖ్యం, ఫలితం అంకెల్లో రైతు చేతికి వస్తుంది. “తాలు ఎక్కువుంది” అన్న మాటకు “ఎంత?” అని ఎదురడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ప్రయోగం ముగిశాక ప్రకటించిన లెక్కలు ఇవి. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగింది. పురుగు మందుల వాడకం 9 శాతం, ఎరువుల వాడకం 5 శాతం తగ్గింది. నాణ్యత మెరుగుపడడం వల్ల ధర 8 శాతం ఎక్కువ పలికింది. అన్నీ కలిపి ఎకరానికి ఒక్కో పంటకు సుమారు 800 డాలర్ల అదనపు ఆదాయం, మన డబ్బుల్లో 66 వేల రూపాయలు. 2023లో దీన్ని పది జిల్లాలకు, అయిదు పంటలకు, అయిదు లక్షల మంది రైతులకు విస్తరిస్తామని ప్రకటించారు.

ఈ అంకెల్లో పురుగు మందుల తగ్గుదల చూసి ఎక్కువ సంతోషించాను. 2021-22 పంట కాలంలో కొత్త రకం తామర పురుగు పూతమీద పడి తోటలకు తోటలను తినేసింది. ఆ ఏడాది మన జిల్లాలో మిర్చి రైతు కొట్టని మందు లేదు. దుకాణదారు ఏది చేతిలో పెడితే అది, పక్క చేనాయన ఏది కొడితే అది. అలాంటి వేళ ఏ పురుగుకు ఏ మందు, ఎంత మోతాదు అని అడగడానికి అమ్మకంతో సంబంధం లేని గొంతు ఒకటుండడం చిన్న విషయం కాదు.

ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. కెమెరా నాణ్యతను రుజువు చేయగలదు, ధరను నిలబెట్టలేదు. 2025 నాటికి మిర్చి ధర బాగా దిగజారింది. మేలు కాయకూ, తాలు కాయకూ రెండింటికీ దెబ్బే తగిలింది. ఎకరానికి 66 వేలు మిగిలిన ఏడాది లెక్కను ధర పడిన ఏడాదికి కూడా వర్తింపజేసి మాట్లాడడం రైతును మోసం చేయడమే అవుతుంది.

రైతు వివరాలకు ఎక్స్ఛేంజీ

2023 ఆగస్టు 11న హైదరాబాద్‌లో ‘అడెక్స్’ను ప్రారంభించారు. వ్యవసాయ సమాచార మార్పిడికి దేశంలో ఇదే తొలి వేదిక. తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి రూపొందించాయి. ముందుగా ఖమ్మం జిల్లాలో అమర్చి, తర్వాత రాష్ట్రమంతటికీ తీసుకెళ్లాలని నిర్ణయం.

రైతు వివరాలు పది చోట్ల ఉంటాయి. భూమి లెక్క రెవెన్యూ దగ్గర, పంట లెక్క వ్యవసాయ శాఖ దగ్గర, అప్పు లెక్క బ్యాంకు దగ్గర, మట్టి లెక్క పరీక్షా కేంద్రం దగ్గర. అప్పు కోసం వెళ్లినప్పుడల్లా ఇవన్నీ జిరాక్సులు తీసి మోయాలి. రైతు ఒప్పుకుంటే ఆ వివరాలు ఒక పద్ధతి ప్రకారం కావలసిన చోటికి అందేలా చేయడం అడెక్స్ ఉద్దేశం. ‘ఒప్పుకుంటే’ అన్న మాటే దీనికి ఆయువుపట్టు. పేజీల కొద్దీ ఇంగ్లీషు షరతుల కింద ‘ఓకే’ నొక్కించుకోవడం ఒప్పుకోలు కాదు. ఎవరికి, దేనికి, ఎన్నాళ్లకు ఇస్తున్నానో తెలుగులో నాలుగు ముక్కల్లో తెలిసినప్పుడే అది ఒప్పుకోలు. ఇంకో సంగతి. మనవైపు మిర్చి, పత్తి వేసేవాళ్లలో కౌలు రైతులు ఎంతోమంది. భూమి రికార్డులో వాళ్ల పేరుండదు. రికార్డుల మీద కట్టిన ఏ ఎక్స్ఛేంజీ అయినా వాళ్లను ఎలా చూస్తుందన్న ప్రశ్నకు జవాబు రావాలి.

దేవనకొండలో పది ఎస్సెమ్మెస్‌లు

స్మార్ట్‌ఫోన్ లేకుండానే కృత్రిమ మేధ రైతుకు అందిన తొలి ఉదాహరణల్లో ఒకటి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఉంది. 2016 ఖరీఫ్‌లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు మామూలు డబ్బా ఫోన్లకు తెలుగులో ఎస్సెమ్మెస్‌లు పంపాయి. మూడు దశాబ్దాల వాతావరణ లెక్కలు కంప్యూటర్‌కు నూరిపోసి, విత్తనం ఎప్పుడు వేయాలో చెప్పించారు. మొదటి చినుకుకే తొందరపడి విత్తకండి, జూన్ చివరి వారం దాకా ఆగండి అన్నది అందులో ముఖ్యమైన సలహా. విన్నవాళ్లకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చింది. కొనాల్సిన పరికరమేదీ లేదు, అదనపు ఖర్చు లేదు. ఖర్చుకు తగ్గ ఫలితం అని ఒక రికార్డు పెడితే నా ఓటు దేవనకొండకే.

పన్నెండు యంత్రాలు కలిపి ఒక ఓటు

2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో జరిగిన పోలింగ్ ఎలక్ట్రానిక్ ఓటింగ్ చరిత్రలో నిలిచిపోయింది. బరిలో 185 మంది. వారిలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులు. గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం నామినేషన్లు వేసి నిరసన తెలిపారు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి. ‘నోటా’తో కలిపి 186 గుర్తులకు 12 యూనిట్లు కావాల్సి వచ్చాయి. ప్రతి బూత్‌లో పన్నెండింటిని ఒకదానికొకటి తగిలించి బల్లలమీద మలుపు తిప్పి పేర్చారు. ఓటరు తన గుర్తు ఎక్కడుందో వెతుక్కుంటూ ఆ వరస పక్కనే నడవాల్సి వచ్చింది.

పాత రకం యంత్రాలైతే నాలుగు యూనిట్ల దాకానే, అంటే 64 పేర్లకే సరిపోయేవి. మూడో తరం యంత్రాలు 24 యూనిట్ల దాకా, అంటే 384 పేర్లు పడతాయి. అదైనా ఒక తెలుగు రికార్డు ముందు చాలదు. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినిపించడానికి వేసిన నామినేషన్లవి. అప్పుడు కాగితం బ్యాలెట్టే పుస్తకమంత అయింది. ఈనాటి యంత్రాలతో జరిపినా ఆ ఎన్నికకు మళ్లీ కాగితమే దిక్కు.

దేశంలో ఈ ఓటింగ్ యంత్రాలు తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి హైదరాబాద్ ఈసీఐఎల్. 1967లో దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. హైదరాబాద్‌లో ఏఎస్ రావు నగర్ ఆయన పేరుమీదే ఉంది. 1969లో ఇక్కడి నుంచి టీడీసీ-12 అనే కంప్యూటర్ బయటికి వచ్చింది. బయటి దేశాల యంత్రాలు తెచ్చుకోవడమే తెలిసిన రోజుల్లో, ఇక్కడే రూపకల్పన చేసి ఇక్కడే తయారుచేసిన తొలితరం కంప్యూటర్లలో అదొకటి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డులు వెలవడానికి చాలా ముందు సంగతి ఇది. మన ఐటీ చరిత్ర చెప్పేటప్పుడు హైటెక్ సిటీతో మొదలుపెట్టి ఈ మనిషిని వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఐఫోన్లను పడగొట్టిన అక్షరం

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం దెబ్బకు నేలకరిచాయి. ఎవరైనా ఆ అక్షరాన్ని మెసేజ్‌లో పంపితే చాలు, తెరిచిన యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో కనిపిస్తే ఫోనే మళ్లీ మళ్లీ ఆగిపోయి మొదలయ్యేది. తెలుగు ముక్క రాని దేశాల పత్రికల్లో సైతం మన అక్షరం అచ్చయింది.

ఆ అక్షరం ‘జ్ఞా’. మనకు అది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం జ, పొల్లు, ఞ, దీర్ఘం అని వేర్వేరు సంకేతాల వరస. ఈ వరస మధ్యలో కంటికి కనబడని ఇంకో సంకేతం ఒకటి చేరింది. పక్క అక్షరాలను అతకనివ్వకుండా విడిగా ఉంచడానికి వాడే సంకేతం అది. ఒత్తు అతకాలా, దీర్ఘం ఎక్కడ తగిలించాలి అని తేల్చుకోలేక అక్షరాలు గీసే ప్రోగ్రామ్ కుప్పకూలింది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. లోపం మన లిపిలో లేదు. కోట్ల మంది రాసే లిపిని విడుదలకు ముందు సరిగా పరీక్షించకపోవడంలో ఉంది.

అతి చల్లన, అతి పెద్ద, అతి ఆకలి

ఇక పెద్ద లెక్కలు. 1971లో ఇంటెల్ విడుదల చేసిన 4004 చిప్‌లో 2,300 ట్రాన్సిస్టర్లు. 2024 మార్చిలో సెరిబ్రాస్ అనే అమెరికా సంస్థ చూపించిన డబ్ల్యూఎస్ఈ-3లో 4 లక్షల కోట్లు. మామూలు చిప్ గోటి మీద నిలుస్తుంది, ఇది ఒక్కో వైపు 21 సెంటీమీటర్లు దాటి టిఫిన్ ప్లేటంత ఉంటుంది. ప్రపంచంలో అతిపెద్ద చిప్ ఇదే.

అమరావతికి రావాల్సిన యంత్రం ఇంకో రకం. 2025 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి క్వాంటమ్ వ్యాలీని ప్రకటించింది. 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ అక్కడ పెడతామన్నారు. దేశంలో అతిపెద్ద క్వాంటమ్ కంప్యూటర్ అదే అవుతుందని చెప్పారు. మామూలు కంప్యూటర్‌లో బిట్ అంటే సున్నా లేదా ఒకటి. క్యూబిట్ రెండు స్థితుల కలయికలో ఉండగలదు. 156 క్యూబిట్ల పూర్తి స్థితిని మామూలు కంప్యూటర్‌లో రాయాలంటే 47 అంకెలున్న సంఖ్యంత పెద్ద పట్టిక కావాలి. అలాగని ఇది అన్ని లెక్కలూ చిటికెలో చేసేస్తుందని అనుకోవద్దు. కొన్ని ప్రత్యేకమైన లెక్కలకే దీని బలం. కొత్త మందుల అణువులు, కొత్త పదార్థాల తయారీ లాంటివి అందులో ముందు వరసలో ఉన్నాయి. ఆ క్యూబిట్లు కుదురుగా ఉండాలంటే చిప్‌ను పరమ శూన్య ఉష్ణోగ్రత, అంటే మైనస్ 273.15 డిగ్రీలకు, కేవలం డిగ్రీలో వందో వంతు పైన ఉంచాలి. నక్షత్రాల మధ్య ఖాళీ ఆకాశం కూడా దీనికన్నా వెచ్చన. కొత్తగూడెంలో రోహిణీ కార్తె ఎండ 45 డిగ్రీలు దాటి మాడుస్తుంటే, అదే వేళ కృష్ణ ఒడ్డున విశ్వంలోనే అతి చల్లని చోట్లలో ఒకటి ఉండబోతుంది.

అతి ఆకలిగొన్న యంత్రాలు విశాఖపట్నానికి వస్తున్నాయి. 2025 అక్టోబరు 14న గూగుల్ అక్కడ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం కడతామని ప్రకటించింది. అమెరికా బయట ఆ సంస్థకు ఇదే అతిపెద్దది. డేటా సెంటర్ సామర్థ్యం గిగావాట్ స్థాయిలో ఉంటుందన్నారు. మనవైపు వాళ్లకు ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ కేంద్రం నాలుగు యూనిట్లూ కలిపి 1,080 మెగావాట్లు. అంటే ఒక భద్రాద్రి కేంద్రాన్ని దాదాపు మొత్తంగా మింగే కంప్యూటర్ల గుంపు. కరెంటు ఎక్కడి నుంచి, చల్లబరచడానికి నీళ్లెక్కడి నుంచి అని ముందే అడగడం అభివృద్ధికి అడ్డుపడడం కాదు. బొగ్గు తవ్వే సత్తుపల్లి, కరెంటు పుట్టించే పాల్వంచ పక్కన బతికేవాళ్లకు ఆ ప్రశ్న అడిగే హక్కు అందరికన్నా ఎక్కువుంది.

మబ్బుల పైనుంచి అడవిని చూసే కన్ను

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహం రెండు వేర్వేరు రాడార్ తరంగాలతో భూమిని చిత్రించే మొట్టమొదటి ఉపగ్రహం. ఎల్-బ్యాండ్ నాసాది, ఎస్-బ్యాండ్ ఇస్రోది. బరువు 2,392 కిలోలు. కక్ష్యలోకి వెళ్లాక గొడుగులా విచ్చుకున్న యాంటెన్నా అడ్డంగా 12 మీటర్లు.

మామూలు ఉపగ్రహం ఫొటో తీయాలంటే వెలుగు కావాలి, మబ్బు ఉండకూడదు. మనవైపు వానాకాలంలో నెలల తరబడి అది కుదరని పని. రాడార్‌కు రాత్రీ పగలూ ఒకటే, మబ్బు అడ్డు కాదు. పొడవాటి ఎల్-బ్యాండ్ తరంగాలు ఆకుల పందిరిలోంచి దూసుకుపోయి కొమ్మలను, మానులను, నేలను తాకి తిరిగొస్తాయి. కాబట్టి అడవి పైకి పచ్చగా కనిపిస్తూ లోపల పలచబడుతుంటే పట్టేయగలదు. పన్నెండు రోజులకొకసారి అదే చోటికి మళ్లీ వస్తుంది. గోదావరి 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరినప్పుడు, ఏ ఊరి చుట్టూ ఎంత నీరు నిలిచిందో మబ్బులు కప్పేసిన ఆకాశం కింద నుంచి తెలుసుకోవడం ఎంత కష్టమైందో లోతట్టు మండలాలవాళ్లకు గుర్తే. అక్కడి రికార్డు 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగులు. మళ్లీ అలాంటి వరదొస్తే హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రానికి ఈ కన్ను తోడుంటుంది.

వెయ్యి మాటల నుంచి కోయ మాట దాకా

మనిషి మాటను యంత్రానికి నేర్పినవాళ్లలో అగ్రగణ్యుడు మనవాడే. దబ్బల రాజ్‌రెడ్డి గారు 1937లో శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టారు. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. ఆసియా సంతతి వారిలో ఆ గౌరవం పొందిన మొదటి వ్యక్తి ఆయనే. 1970లలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం హియర్‌సే, హార్పీ అనే వ్యవస్థలను తయారుచేసింది. 1976 నాటి హార్పీకి సుమారు వెయ్యి ఇంగ్లీషు మాటలు వచ్చు. అప్పట్లో అది పెద్ద ఘనత. ఇవాళ ఫోన్‌తో తెలుగులో మాట్లాడితే అదే టైపు చేస్తోందంటే ఆ బాట వేసినవాళ్లలో ఒక రాయలసీమ పల్లె బిడ్డ ఉన్నాడు.

తెలుగుకు ఆ సౌకర్యం వచ్చింది. మన అడవి అంచున వినిపించే భాష తెలుగొక్కటే కాదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన గోండి రాతప్రతులు సుమారు 1750 నాటివని పండితులు అంచనా కట్టారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు, గుంజాల గోండు పెద్దలు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆ లిపిని మళ్లీ బడిపిల్లల పలకల దాకా తెచ్చారు. 2018 జూన్‌లో యూనికోడ్ 11వ కూర్పులో ‘గుంజాల గోండి’ పేరుతోనే ఆ లిపి చేరింది. ఒక తెలంగాణ పల్లె పేరు ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒప్పుకునే లిపుల పట్టికలోకి ఎక్కడం నాకు తెలిసిన ఏ చిప్ రికార్డుకూ తీసిపోదు.

2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ‘ఆది వాణి’ అనే అనువాద యాప్‌ను తెచ్చింది. సంతాలీ, భిలీ, ముండారీ, గోండి భాషలతో మొదలైంది. భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో మాట్లాడే కోయ భాష ఆ తొలి జాబితాలో లేదు. యంత్రానికి ఏ భాషైనా రావాలంటే ముందు గంటల కొద్దీ మాటలు, కథలు, పాటలు వినిపించాలి. అవి ఇంకా మన పెద్దల గొంతుల్లోనే ఉన్నాయి. మీ ఇంట్లో, మీ వాడలో కోయ మాట్లాడే తాతో అమ్మమ్మో ఉంటే వాళ్ల అనుమతి అడిగి, సంకురాత్రి సెలవులకు ఊరొచ్చినప్పుడు ఫోన్‌లో రికార్డర్ తెరవండి. విత్తనాల పండుగ పాటో, అడవి చెట్ల పేర్లో, చిన్నప్పటి కథో చెప్పించండి. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది మొదట్లోనే పలికించి దాచండి.